ప్యాకేజీ ఆరు లక్షలు, చేతికి ముప్పై ఏడు వేలు: పట్నం కాపురంపై పాఠకుల ప్రశ్నలు

బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో ఖర్చుల గురించి నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేశాం.

ప్రశ్న: మా వాడికి బెంగళూరులో ఆరు లక్షల ప్యాకేజీతో ఉద్యోగం వచ్చింది. నెలకు 50 వేలు కదా, 20 వేలు ఇంటికి పంపరా అంటే నవ్వుతున్నాడు. ఎక్కడో లెక్క దాస్తున్నాడని నా అనుమానం.
– ఒక తండ్రి, కావలి

జవాబు: దాయడం లేదండీ. ఆరు లక్షలన్నది సీటీసీ, అంటే ఆ ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. ఆఫర్ లెటర్ చివర ఒక పట్టిక ఉంటుంది, అది తెప్పించుకుని చూడండి. మామూలుగా ఇలా ఉంటుంది. బేసిక్, అంటే మూల వేతనం, నెలకు 25 వేలు అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ అందులో 12 శాతం, ఏడాదికి 36 వేలు. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 14,400. వేరియబుల్ పే పది శాతమైతే 60 వేలు. అది ఏడాది చివర, పనితీరు చూసి ఇచ్చేది. ఈ మూడూ తీసేస్తే మిగిలేది 4,89,600, నెలకు 40,800. అందులో మళ్లీ అబ్బాయి వాటా పీఎఫ్ 3,000, కర్ణాటక వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 37,600. ఆదాయపు పన్ను మాత్రం ఈ జీతానికి కొత్త విధానంలో పడదు. కొన్ని కంపెనీలు ఆరోగ్య బీమా ప్రీమియం కూడా సీటీసీలోనే కలుపుతాయి. అప్పుడు ఇంకొంచెం తగ్గుతుంది.

ఇక మొదటి నెల సంగతి. నెల మధ్య తర్వాత చేరితే చాలా కంపెనీల్లో జీతం ఆ నెలలో పడదు, తర్వాతి నెలతో కలిపి వస్తుంది. అందుకని రెండు నెలల ఖర్చు చేతిలో పెట్టి పంపండి. పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్‌లో) చేరేటప్పుడు ఆ నెల అద్దెతో పాటు అడ్వాన్సు అడుగుతారు. ఖాళీ చేసేటప్పుడు అందులోంచి 'మెయింటెనెన్సు' అని కొంత కోసుకుంటారు. ఆ కోత ఎంతో చేరే రోజే రసీదు మీద రాయించుకోవాలి. నెల ముందు చెప్పకుండా వెళ్తే అడ్వాన్సు మొత్తం పోతుంది. పీజీల్లో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. భోజనం అంటే ఏయే పూటలో అడగండి. పని రోజుల్లో మధ్యాహ్నం పెట్టని చోట్లే ఎక్కువ. ఆ ఒక్క పూట బయట 100 రూపాయలు పెట్టి తిన్నా 22 రోజులకు 2,200.

కొన్ని పీజీలు జీఎస్టీ అంటూ అదనంగా అడుగుతాయి. మనిషికి నెలకు 20 వేలు మించని, 90 రోజులు తగ్గకుండా ఉండే వసతికి 2024 జూలై నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. ఆ మాట చెప్పి అడిగితే చాలాసార్లు ఆ అంకె దానంతటదే మాయమవుతుంది.

ఇంటికి ఎంత పంపాలో చెప్పడం మా పని కాదు గానీ, మొదటి ఆరు నెలలు అడగకపోతేనే మంచిది. ఆ ఆరు నెలల్లో లక్ష రూపాయలు ఒక పక్కన పడకపోతే, మొదటిసారి జ్వరమొచ్చిన రోజే క్రెడిట్ కార్డు మీద పడతాడు. కార్డులో 'కనీస మొత్తం' మాత్రమే కడుతూ పోతే వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలు దాటుతుంది. మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీకే జనం బెదిరిపోతారు.

ప్రశ్న: మా ఆయనకు బెంగళూరు బదిలీ. రెండు ఇళ్లు చూశాం. ఒకటి అద్దె 18 వేలు, పది నెలల అడ్వాన్సు. ఇంకొకటి 20 వేలు, రెండు నెలల అడ్వాన్సు. అడ్వాన్సు డబ్బు ఊళ్లో అప్పు తేవాలి. అడ్వాన్సు ఎటూ తిరిగొచ్చేదే కదా, 18 వేల ఇల్లే మేలంటున్నారు అందరూ.
– ఒక గృహిణి, కందుకూరు

జవాబు: అడ్వాన్సు తిరిగొస్తుంది, దాని మీద కట్టిన వడ్డీ తిరిగి రాదు. మీరు నూటికి రెండు రూపాయలకు తెస్తున్నారనుకుందాం. మొదటి ఇంటికి 1,80,000 మీద నెలకు 3,600 వడ్డీ. అద్దెతో కలిపి 21,600. రెండో ఇంటికి 40,000 మీద 800 వడ్డీ. కలిపి 20,800. అద్దె ఎక్కువున్న ఇల్లే మీకు చవక. అదే డబ్బు బ్యాంకులో ఏడు శాతానికి మూలుగుతున్న సొంత డబ్బైతే లెక్క తిరగబడుతుంది. పోయే వడ్డీ మొదటి ఇంటికి నెలకు 1,050, రెండో దానికి 233 మాత్రమే. అప్పుడు 18 వేల ఇల్లు దాదాపు 1,200 చవక. కాబట్టి ఇల్లు చూసే ముందు డబ్బు ఎక్కడిదో చూసుకోండి.

ఇవి కాక బెంగళూరులో రెండు ఆనవాయితీలు ఉన్నాయి. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ కింద కోసుకోవడం ఒకటి, బ్రోకరు ఒక నెల అద్దె తీసుకోవడం ఇంకొకటి. రెండేళ్లుంటే ఆ రెండు నెలల అద్దె 24 నెలల మీద సర్దుకుంటుంది. పదకొండు నెలలకే ఇల్లు మారితే నెలకు మూడున్నర వేల దాకా తేలుతుంది. ఏడాదికో ఇల్లు మారేవాళ్లకు ఎంత బేరమాడినా ఎందుకు మిగలదో ఇక్కడ తెలుస్తుంది.

ఒప్పందం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. పదకొండు నెలలైనా కాగితం కాగితమే. అందులో ఈ నాలుగూ ఉండేలా చూసుకోండి: అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, పెయింటింగ్ కోత ఎంత, ఏటా అద్దె పెంపు ఎంత శాతం, ముందే ఖాళీ చేయకుండా లాక్-ఇన్ (ఇన్ని నెలలు ఉండి తీరాలన్న షరతు) ఉందా. అడ్వాన్సు నగదుగా ఇవ్వకండి, బ్యాంకు ద్వారానే పంపండి. తాళం తీసుకున్న రోజే గోడలు, కుళాయిలు, గీజరు, మీటరు రీడింగు ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. రెండేళ్ల తర్వాత 'ఈ పగులు మీరు చేసిందే' అన్నప్పుడు ఆ ఫొటోలే సాక్షి.

కరెంటు కూడా అడగండి. కర్ణాటక ప్రభుత్వపు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి అద్దెదారులకూ వర్తిస్తుంది. కానీ ఆ మీటరుకు పాత అద్దెదారు ఆధార్ అనుసంధానమై ఉంటే, అది తీయించాకే మీది ఎక్కుతుంది. నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఇంటికి విడి మీటరు లేక, ఓనరు తన మీటరు నుంచి లాగి యూనిట్‌కు ఇంతని వసూలు చేస్తుంటే ఈ లాభమేదీ మీదాకా రాదు.

దూరం మాట కూడా. 'మూడు వేలు తక్కువకే ఇల్లు, కాకపోతే కాస్త దూరం' అన్నప్పుడు మీ ఆయన ఆఫీసుకు రాకపోకలు 30 కిలోమీటర్లు అయితే, 22 రోజులకు 660. బండి లీటరుకు 45 ఇస్తే దాదాపు 15 లీటర్లు, అంటే పెట్రోలుకే 1,500. మెట్రోలో 2025 ఫిబ్రవరి పెంపు తర్వాత గరిష్ఠ చార్జీ 90. ఆ గరిష్ఠ చార్జీ పడేంత దూరం రోజూ రానుపోను అయితే నెలకు 3,960. మూడు వేలు మిగిల్చి నాలుగు వేలు టికెట్లకు పోస్తే మిగిలేది అలసటే. కర్ణాటకలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ఆ రాష్ట్రపు చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తేనే. ఒంగోలు చిరునామా ఆధార్‌తో టికెట్ కొనాల్సిందే.

ప్రశ్న: పదిహేను లక్షలు కడితే మూడేళ్లు అద్దె లేకుండా ఇల్లు ఇస్తామంటున్నారు, చివర్లో మొత్తం తిరిగిస్తారట. ఇది నిజమేనా?
– ఒంగోలు

జవాబు: బెంగళూరులో దీన్నే 'లీజు' అంటారు. నిజమైన పద్ధతే, మునిగినవాళ్లూ ఉన్నారు. పదిహేను లక్షలు ఏడు శాతానికి వేస్తే నెలకు 8,750. ఆ ఇంటి అద్దె 20 వేలైతే ఓనరు మీకు నెలకు పదకొండు వేలు ఎందుకు వదులుకుంటున్నాడు? డబ్బు అవసరం గట్టిగా ఉండబట్టే. చాలాసార్లు ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు ఉంటుంది. వాయిదాలు ఆగితే బ్యాంకు ఇల్లు వేలం వేస్తుంది, మీ లీజు కాగితం దానికి అడ్డం నిలవదు. కనుక ముందు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయించండి, తనఖా ఉంటే వదిలేయండి. మూడేళ్ల లీజు సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు కావాలి. 'నోటరీ చాలు' అన్న ఓనరుతో బేరం అక్కడితో ఆపేయండి.

ప్రశ్న: చెన్నైలో ఇల్లు ఖాళీ చేసి మూడు నెలలైంది. ఆరు నెలల అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: తమిళనాడులో 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న అద్దె చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే అడ్వాన్సు మూడు నెలల అద్దె మించకూడదు. ఖాళీ చేశాక బకాయిలు పోను మిగిలింది నెలలోగా ఇవ్వాలి. మీరు ఆరు నెలలకు ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటే మొదటి అంశం మీద వాదన నిలవదు, రెండోదాని మీద నిలుస్తుంది. ఖాళీ చేసిన తేదీ, తాళం అప్పగించిన రుజువు, ఇవ్వాల్సిన మొత్తం రాసి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఆ చట్టం కింద ఒప్పందాన్ని రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయించి ఉంటే దారి సులువు, లేకపోతే వకీలు చేత సివిల్ దారి పట్టాలి. కొత్తగా ఇల్లు తీసుకునేవాళ్లు ఆ నమోదు వదలొద్దు.

ప్రశ్న: నెల్లూరులో సొంతిల్లుంది. చెన్నై ఉద్యోగానికి రోజూ రైల్లో వెళ్లి రావచ్చా? నెల పాస్ ఎంత పడుతుంది?
– నెల్లూరు

జవాబు: రైల్వే నెలవారీ సీజన్ టికెట్ మామూలుగా 150 కిలోమీటర్ల వరకే ఇస్తుంది. నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్ దాదాపు 175. కాబట్టి రాదు. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట నుంచైతే వస్తుంది. సూళ్లూరుపేట దాకా చెన్నై లోకల్ రైళ్లు ఉన్నాయి, సెంట్రల్‌కు రెండు గంటలకు పైనే. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే పాస్‌కు అదనపు రుసుము కట్టాలి, రిజర్వేషన్ బోగీలోకి మాత్రం పాస్‌తో వెళ్లకూడదు. ఆఫీసు సెంట్రల్ చుట్టుపక్కలో ఉత్తర చెన్నైలోనో ఉంటే సూళ్లూరుపేట నుంచి ఆలోచించవచ్చు. పాత మహాబలిపురం రోడ్డులో సిరుసేరి వైపు అయితే వద్దు, దిగాక ఇంకో గంటన్నర పడుతుంది. నెల్లూరు వాళ్లకు మేము చెప్పేది సోమవారం నుంచి శుక్రవారం దాకా పీజీ, శని ఆదివారాలు ఇల్లు. ఆ లెక్కన చెన్నైలో కాపురం పెట్టడం కంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

ప్రశ్న: మాకు ఎకరం మాగాణి కౌలుకిస్తే ఏటా ఒక పుట్టి వడ్లు వస్తాయి. హైదరాబాద్‌లో ఉన్న కూతురికి బియ్యం, పప్పు, పచ్చళ్లు ఇక్కడి నుంచే పంపాలని ఉంది. పోయినసారి పంపిన మూడు బస్తాలు పురుగు పట్టాయట. అసలు గిట్టుబాటేనా?
– ఒక తల్లి, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: కొన్ని గిట్టుతాయి, కొన్ని గిట్టవు, బియ్యం సరిగ్గా హద్దు మీద ఉంటుంది.

నెల్లూరు పుట్టి అంటే 850 కిలోల వడ్లు. ఆడిస్తే నూకలతో కలిపి 520 నుంచి 550 కిలోల బియ్యం. ముగ్గురున్న ఇంటికి నెలకు 20 కిలోలు వేసుకున్నా రెండేళ్లకు సరిపడేంత! అన్నీ ఒకేసారి ఆడించడమే మీరు చేసిన పొరపాటు. వడ్లు గాదెలోనో గోతాల్లోనో ఏడాదైనా ఉంటాయి, ఆడించిన బియ్యం అలా ఉండవు. మీ అమ్మాయి ఇంటికి ఏడాదికి కావాల్సిన దాదాపు 400 కిలోల వడ్లు ఉంచుకుని మిగతావి అమ్మేయండి. వడ్లు ఆరు నెలలు మగ్గాక ఆడిస్తే అన్నం పొడిపొడిగా వస్తుంది, ఒదుగు కూడా బాగుంటుంది. కోత కాగానే ఆడించిన కొత్త బియ్యం ముద్దవుతాయి. 'ఊరి బియ్యం బాగాలేవు' అని పట్నంలో అల్లుళ్లు అనేది ఎక్కువగా ఇందుకే. రెండు నెలలకోసారి 40 కిలోలు ఆడించి పంపండి. ఒంటిపట్టు బియ్యమైతే (ఒక్కసారే పాలిష్ పట్టినవి) ఇంకా తక్కువ పంపాలి, తవుడులో నూనె ఉంటుంది కనుక త్వరగా కమురు వాసన, పురుగూ వస్తాయి.

పురుగుకు అసలు కారణం తడి. మిల్లు నుంచి తెచ్చిన బియ్యం వెచ్చగా ఉండగానే సంచి మూతి కుట్టేస్తే లోపల చెమ్మ పడుతుంది. నీడలో పరిచి ఒక పూట ఆరనివ్వండి. ఎండలో వద్దు, గింజ చిట్లి నూకలవుతుంది. అక్కడ గాలి చొరని డబ్బాలో పోసి, ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో కట్టి వేయమనండి. బియ్యంలో బోరిక్ పౌడర్ కలిపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, అది మానండి. కడిగితే పోతుందనుకోవడం ధైర్యం తప్ప మరేం కాదు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇంట్లో వడ్లే కదా, ఊరికే వచ్చాయనుకోకండి. అమ్మితే వచ్చే ధరే వాటి ఖరీదు. దాని మీద ఆడింపు కూలి, పార్శిల్, రెండు చివర్లా ఆటో వేసుకోవాలి. హైదరాబాద్ కొట్లో ధరకూ మీకు పడిన ధరకూ కిలోకు పది రూపాయలు తేడా ఉందనుకుంటే 40 కిలోలకు 400. పార్శిల్‌కు 200, ఆఫీసు నుంచి ఇంటికి ఆటోకు 200 అయితే మిగిలింది సున్నా. గిట్టాలంటే ఎటూ వెళ్లే మనిషితో పంపండి. రైల్లో స్లీపర్ టికెట్ మీద 40 కిలోలు, జనరల్ మీద 35 కిలోల సామాను ఉచితం. అంతకు మించితే ముందే లగేజీ బుక్ చేయాలి, లేకుండా పట్టుబడితే జరిమానా కట్టాలి. అక్కడే కొనాల్సి వస్తే 26 కిలోల బస్తా చూడండి. 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్‌కే 5 శాతం జీఎస్టీ, అందుకే మార్కెట్లో ఈ వింత బరువు బస్తాలు పుట్టాయి.

తప్పకుండా పంపాల్సినవి బరువు తక్కువ, ధర ఎక్కువ ఉన్నవి: కారం, చింతపండు, నెయ్యి, ఎండు రొయ్యలు, కందిపప్పు. కారం మీ ఊరి మిల్లులో ఆడించిందైతే చల్లారాకే డబ్బాలో పెట్టండి, లేకపోతే గడ్డకడుతుంది. కందిపప్పును ఒకరోజు ఎండబెట్టి, కిలోకు చెంచా ఆముదం పట్టించి ఉంచితే పురుగు దగ్గరకు రాదు, వండేముందు కడిగితే చాలు. పచ్చడి జాడీ మూడు వంతులే నింపండి. బస్సు కుదుపుకు నూనె పైకి తన్నుకొచ్చి బట్టల మీదికి పోతుంది. ఎండు రొయ్యలు మూడు కవర్లలో కట్టి డిక్కీలో పెట్టించండి, ఏసీ బస్సులో పైన పెడితే తోటి ప్రయాణికుల తిట్లు మీ అమ్మాయి ఖాతాలో పడతాయి.

ప్రశ్న: మేం తాపీ పనికి బెంగళూరు వచ్చాం. పిల్లలు ఊళ్లో అమ్మ దగ్గర ఉన్నారు. మా రైస్ కార్డు మీద ఇక్కడ బియ్యం ఇస్తారా? గ్యాస్ ఎట్టా?
– కనిగిరి ప్రాంతం

జవాబు: ఇస్తారు, మీ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందది అయితేనే. ఆంధ్రలో కొన్ని కార్డులు రాష్ట్రం సొంతంగా ఇచ్చినవి, వాటికి బయటి రాష్ట్రంలో ఇవ్వరు. మీదేదో సచివాలయంలో అడిగితే చూసి చెబుతారు. కార్డు చేతిలో లేకపోయినా నంబరు, ఆధార్ చాలు, ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేయవచ్చు. మనిషికి నెలకు ఐదు కిలోలు. మీ ఇద్దరి వాటా అక్కడ, మిగతాది అమ్మ ఊళ్లో తీసుకోవచ్చు. కానీ ఒక చోట మొత్తం కోటా తీసేస్తే రెండో చోట ఏమీ మిగలదు, ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఈ-కేవైసీ చేయించని సభ్యుడి వాటా ఆగిపోతుంది, ఊరికి వెళ్లినప్పుడు అది సరిచూసుకోండి. మన రాష్ట్రం అదనంగా ఇచ్చే సరుకులు అక్కడ దొరకవు.

గ్యాస్‌కు ఐదు కిలోల చిన్న సిలిండరు తీసుకోండి. చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. సబ్సిడీ ఉండదు గనుక కిలో ధర పెద్ద సిలిండరు కంటే ఎక్కువే. అయినా వీధి చివర చిన్న స్టవ్‌లోకి కిలోల లెక్కన నింపించుకోవడం కంటే చవక, ప్రాణానికి భయం లేదు.

ప్రశ్న: మావారి జీతం ఏడాదికి 11 లక్షలు. హైదరాబాద్ ఓనరు పాన్ నంబరు ఇవ్వడం లేదు. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు పోతుందని భయం.
– చీమకుర్తి

జవాబు: కొత్త పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు, మీకు దాని అవసరమూ లేదు. 2025-26 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలతో కలిపి 12,75,000 దాకా జీతానికి పన్ను పడదు. షేర్ల లాభాల వంటి ఆదాయం ఉంటే మాత్రం లెక్క వేరు. పాత విధానంలోనే ఉండాలనుకుంటే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు ఓనరు పాన్ తప్పనిసరి.

ప్రశ్న: ప్రతి సంక్రాంతికీ ప్రైవేటు బస్సుకు మూడింతలు పోస్తున్నాం. రైలు టికెట్ ఎప్పుడు తీస్తే దొరుకుతుంది?
– సింగరాయకొండ

జవాబు: 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు. జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13 ఉదయం 8 గంటలకు, తిరుగు టికెట్ 17కైతే నవంబరు 18న. రైలు మొదటి స్టేషన్ నుంచి బయల్దేరే తేదీ లెక్కలోకి వస్తుంది కనుక, అర్ధరాత్రి దాటి మీ ఊరు వచ్చే రైలైతే ఒకరోజు ముందే తెరుచుకుంటుంది. తెరిచిన రోజు ఆధార్ సరిచూసిన ఖాతాలకే ఆన్‌లైన్ బుకింగ్ ఇస్తున్నారు, ఆ పని అక్టోబరులోనే చేసిపెట్టుకోండి. సింగరాయకొండకు దొరక్కపోతే అదే రైలుకు ఒంగోలు, కావలి కూడా చూడండి.